కవరులో కువైట్

పెదపాడులో ఆటో ఎక్కేసరికి ఇంకా తెల్లవారలేదు. సంక్రాంతి వెళ్లి పదిరోజులైనా మంచు వదల్లేదు. ఎదురుగా వచ్చే ట్రాక్టరు లైటు కనపడుతోంది గాని ట్రాక్టరు కనపడటం లేదు. వదిన చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో పులిహోర, నీళ్లసీసా. రెండోది చీరల కొట్లో ఇచ్చే జిప్పు కవరు, లోపల కాగితాలు. "సంచులు వెనక పడేస్తానండి, ఇలా ఇవ్వండి" అన్నాడు ఆటో అబ్బాయి. పులిహోర సంచి ఇచ్చేసింది. జిప్పు కవరు మాత్రం ఒళ్లోనే పెట్టుకుని, పైన రెండు చేతులూ వేసుకుని కూర్చుంది.

ఆ కవరులో తొమ్మిదేళ్ల కువైట్ ఉంది. 2016 వేసవిలో వెళ్లింది, ఇంటిపనికి. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చి, మొన్న దసరా తర్వాత పూర్తిగా వచ్చేసింది. పూర్తిగా అని ఊరంతా అనుకుంది. మూడు నెలలు తిరిగేలోపు మళ్లీ ప్రయాణం మాట ఎత్తింది. పదేళ్ల పాస్‌పోర్టు గడువు డిసెంబరుతో అయిపోయింది. కొత్తది తీసుకోవాలి. అప్పాయింటుమెంటు భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రంలో, పదకొండున్నరకు. కంప్యూటర్లో ఫారం నింపిన పాపానికి నేను తోడు.

భీమవరానికి ఏలూరు నుంచి గణపవరం మీదుగా పోతే సుఖం. మేము మాత్రం కైకలూరు బస్సెక్కాం. దానికో కారణం ఉంది. ఆవిడ అక్క కైకలూరులో ఉంటుంది. కువైట్‌లో బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, కొత్తది చేతికొచ్చినప్పుడల్లా ఫొటో తీసి అక్కకు పంపడం, అక్క దాన్ని ప్రింటు తీయించి బీరువాలో పెట్టడం వాళ్లకు అలవాటు. అసలు కార్డు వచ్చేటప్పుడు కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడా ప్రింట్లు కావాలి.

ఎందుకంటే వదిన చదువు ఏడో తరగతితో ఆగింది. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని వేస్తారు. 1983 నాటి వలస చట్టం ప్రకారం అలాంటి పాస్‌పోర్టుతో ఉద్యోగానికి పోవాలంటే కువైట్, సౌదీ, ఖతార్, ఒమాన్ లాంటి 18 దేశాలకు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 ఆగస్టు నుంచి ఈసీఆర్ మహిళలను పంపే పని ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్న నిబంధన కూడా వచ్చింది. మన రాష్ట్రంలో దానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. వదిన ఆ నిబంధనకు రెండు నెలల ముందే విమానమెక్కేసింది.

అయితే ఈ చట్రంలో ఒక చిన్న తలుపుంది. మొత్తం మూడేళ్లకు మించి విదేశంలో ఉన్నట్టు రుజువు చూపిస్తే ఆ ఈసీఆర్ తీసేస్తారు. మూడేళ్లు వరసగానే ఉండక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా ఉన్నా సరే. తొమ్మిదేళ్లున్న మనిషికి అదేం లెక్క అనుకుంటాం. చిక్కంతా రుజువు దగ్గరే. వెనకట కువైట్ అకామా, అంటే నివాస అనుమతి, స్టిక్కరు పాస్‌పోర్టు పేజీలోనే అంటించేవారు. 2019 మార్చి నుంచి అది మానేసి వివరాలన్నీ కార్డులోకి మార్చారు. అందుకని ఆవిడ పాత పాస్‌పోర్టులో మొదటి రెండు మూడేళ్ల స్టిక్కర్లు బంగారంలా మెరుస్తున్నాయి, తర్వాతి పేజీల్లో మాత్రం ఎయిర్‌పోర్టు ముద్రలు తప్ప ఏమీ లేవు.

ఏలూరు దాటి బస్సు కొల్లేటి దారిలో పడింది. రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద తవుడు బస్తాలు. బొచ్చె, శీలావతి నింపుకున్న లారీలు ఐసు నీళ్లు కారుస్తూ ఎదురొస్తున్నాయి. పెదఎడ్లగాడి వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద గుర్రపుడెక్క మధ్యలో సన్నటి నీటిదారి, దాంట్లో దోనె. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఈ కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోవాలి. వానలు దంచిన ఏడాది ఈ రోడ్డే నీళ్ల కింద ఉంటుంది, బస్సులు ఆపేస్తారు.

కాగితం మీది గీత మనుషుల బతుకును ఎలా మారుస్తుందో ఈ చుట్టుపక్కల లంకల వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1999లో అయిదో కాంటూరు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో గీతకు లోపలున్న చెరువుల గట్లు కొట్టేశారు. వదిన మామగారు ఆ చెరువుల మీదే కాపలా పని చేసేవాడు. "ఆ గీత మాకు కనపళ్లేదు, పొక్లెయిను కనపడింది" అనేవాడట. వదిన ఈ మాట నవ్వుతూనే చెప్పింది.

కైకలూరులో అక్క అట్లు పోసి ఉంచింది. తినే టైము లేదంటే వినదు. ప్రింట్లు మటుకు పాలిథీన్ కవరులో, ఏడాదివారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. పదో తరగతి పాసైన నా దగ్గర నా సర్టిఫికెట్లు ఇంత పద్ధతిగా లేవు. ఆటపాక పక్షుల కేంద్రం అక్కడికి దగ్గరే, ఇది గూడబాతులు గూళ్లు పెట్టే కాలం. చూసి పోదామన్నాను. "పక్షులు ఎక్కడికీ పోవులే, టోకెను పోద్ది" అంది వదిన.

ఆకివీడు బస్సులో పక్క సీటు పెద్దాయన ఆ కవరు చూసి "కువైటా అమ్మా?" అనడిగాడు. ఎలా తెలిసిందంటే, ఈ బస్సులో భీమవరం దాకా కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లంతా అటేనన్నాడు. ఆయన 1990 మనిషి. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు డ్రైవరుగా ఉన్నాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా బస్సులో వచ్చి, అక్కడ ఎయిరిండియా విమానం ఎక్కాడు. ఆ రెండు నెలల్లో సుమారు 1,70,000 మంది భారతీయులను అలా తెచ్చారు. "నా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోనే ఉండిపోయింది. మన ఎంబసీ వాళ్లిచ్చిన కాగితమ్ముక్క మీద ఊరొచ్చా" అన్నాడు. ఇప్పుడు చట్టం అలా ఉంచుకోనివ్వదు కదా అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. వదినే అందుకుంది.

"చట్టం ఉంది మరిదీ. నా పాస్‌పోర్టు మా మామా బీరువాలోనే ఉండేది."

కువైట్‌లో మామా అంటే ఇంటి యజమానురాలు, బాబా అంటే యజమాని. పెదపాడులో ఈ మాటలకు వేరే అర్థం గనక ఇంటికి ఫోను చేసిన కొత్తల్లో పిల్లలు తికమక పడేవారట. ఊళ్లో ఇప్పుడు అందరికీ ఈ భాష వచ్చేసింది. "ఇరవయ్యా, పద్దెనిమిదా?" అనడిగితే వీసా సంగతి. ఇరవై అంటే ఇంటిపని, ఖాదిమ్ వీసా. పద్దెనిమిది అంటే కంపెనీ వీసా, షూన్. 2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు ఇరవై నుంచి పద్దెనిమిదిలోకి మారే వీలిచ్చారు. ఆవిడకు ఆ వార్త తెలిసేసరికి గడువు అయిపోయింది. అకామా పోగొట్టుకుని దాక్కుని పనిచేసుకునేవాళ్లను కల్లివల్లి అంటారు. అలాంటివాళ్లకు 2018లో, మళ్లీ 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా ఇంటికి రావచ్చన్నారు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్లకు మనుషులు తిరిగొచ్చారో!

కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికొక రోజు సెలవు, పని రోజుకు 12 గంటలకు మించకూడదు, ఏడాదికి నెలరోజుల జీతంతో సెలవు, మానేసేటప్పుడు పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లన్నారు. 2021 జూన్‌లో భారత్, కువైట్ ఇంటిపనివాళ్ల మీద ఒప్పందం కూడా చేసుకున్నాయి. వదిన ఈ కాగితాలేవీ చదవలేదు. ఆవిడకు తెలిసింది ఒకటే, మూడో ఏడు నుంచి శుక్రవారం సెలవిచ్చారు. శుక్రవారం మాలియా పోయేది. కువైట్ సిటీలో ఆ పేట తెలుగువాళ్ల సంత. గోంగూర పచ్చడి దొరుకుతుంది, డబ్బు పంపే కౌంటర్లుంటాయి, ఊరి కబుర్లు ఊరికంటే ముందే తెలుస్తాయి. ఇప్పుడు దినారు 270 రూపాయలకు పైమాటే. ఆవిడ వెళ్లిన కొత్తల్లో 220 చిల్లర. "పనదే, జీతమదే, ఇక్కడ ఇల్లు మటుకు లేచింది" అంది.

భీమవరంలో దిగేసరికి పది దాటింది. కేంద్రం బయట జిరాక్సు కొట్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోల బోర్డులు, ఎవరి ఫైలు వాళ్లు గుండెలకు హత్తుకున్న జనం. పిల్లల పాస్‌పోర్టులకని చంటిబిడ్డలతో వచ్చిన అమెరికా కోడళ్లు, సింగపూరు చదువుకు బయలుదేరిన కుర్రాడు, వదినలాంటి గల్ఫు ఆడవాళ్లు నలుగురైదుగురు. లోపల అందరికీ దారి ఒకటే. ఏ కౌంటరులో ఫొటో, వేలిముద్రలు, కాగితాల స్కానింగు. బీలో సర్కారు అధికారి పరిశీలన. సీలో మంజూరు.

ఏ కౌంటరు దగ్గరే నా ఘనకార్యం బయటపడింది. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో. నేను దాన్ని చూసి అలాగే దింపేశాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి "ఇంటిపేరు విడిగా వేస్తానండి" అంది. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందొస్తుంది, పాస్‌పోర్టు గడులు వేరే లెక్కలో ఉంటాయి. ఈ తేడా చూడ్డానికి చిన్నదే. 2022 నవంబరులో యూఏఈ ఒక నిబంధన పెట్టింది: పాస్‌పోర్టులో పేరు ఒకే మాటగా ఉంటే విజిట్ వీసా మీద రానివ్వం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో పేరు ముందు ఎఫ్‌ఎన్‌యు అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగు లైసెన్సు దాకా ఆ మూడక్షరాలు చాలామందిని వెంటాడతాయి. వదిన ఇంటిపేరు విడిగా పడింది. ఫీజు 1,500 రూపాయలు ముందే కట్టేశాం గనక వేరే ఏమీ అడగలేదు.

జిల్లా సంగతీ అక్కడే తేలింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పెదపాడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. పాత పాస్‌పోర్టులో పశ్చిమ గోదావరి, ఆధార్‌లో ఏలూరు. ఊరు కదల్లేదు, మనిషీ కదల్లేదు, జిల్లా కదిలింది. దీనికి వెనక్కి పంపేస్తారేమోనని దారంతా భయపడ్డాం. వాళ్లకది రోజూ చూసే విషయమే కాబోలు, తల కూడా ఎత్తకుండా ఏలూరు అని కొట్టారు.

బీ కౌంటరు అధికారి మాత్రం తొందరపడలేదు. పాస్‌పోర్టులో పేజీ పేజీ తిప్పి, వెళ్లిన ముద్ర, వచ్చిన ముద్ర పెన్సిలుతో పక్క కాగితం మీద వేసుకున్నాడు. ఒక ముద్ర సగం చెరిగిపోయింది. వదిన అక్క పిన్ను కొట్టిన ప్రింట్లు తీసి ముందుకు జరిపింది. ఆయన అవి చూసి, మొదటి పేజీల్లో అకామా స్టిక్కర్లు చూసి, మళ్లీ కూడాడు. "ఎనిమిదేళ్లు దాటింది. ఈసీఆర్ తీసేస్తున్నానమ్మా. తెలిసే అడుగుతున్నారా?" అన్నాడు.

నాకు ఆ ప్రశ్న నచ్చింది. ఈసీఆర్ ఉంటే ఆలస్యమే. అయితే ఆ ఆలస్యంలోనే పని ఒప్పందం ఒకరు చూస్తారు, జీతమెంతో నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా తప్పనిసరిగా తీసుకోవాలి, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ఈసీఆర్ పోతే ఎవరి దారిన వాళ్లు వెళ్లొచ్చు, ఎవరూ ఆపరు. ఎవరూ చూడరు కూడా. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలిపోయి నలభై మందికి పైగా మన దేశం వాళ్లు పోయారు. వాళ్లలో గోదావరి జిల్లాల మనుషులూ ఉన్నారు. అలాంటి రోజున ఇంటివాళ్లకు ముందు కావలసింది కాగితాలే. నా మటుకు నేను ఈసీఆర్ ఉంచుకోమనే చెబుదును. వదిన నా వైపు చూడనే లేదు.

"తెలుసండి. తీసెయ్యండి" అంది.

మూడు వారాలకు స్పీడుపోస్టులో కొత్త పాస్‌పోర్టు వచ్చింది. అట్ట మీద కింద చిన్న బంగారు గుర్తు, లోపల చిప్పు. ఇంటిపేరు గడిలో ఇంటిపేరుంది. వదిన దాన్ని అయిదు జిరాక్సులు తీయించింది. ఒకటి కైకలూరు అక్కకు, ఒకటి అత్తగారి బీరువాకు, ఒకటి నాకు. ఆ ఈసీఆర్ లేకపోయినా ప్రవాసాంధ్ర భరోసా బీమాకు దరఖాస్తు పెట్టమని పోరితే పెట్టింది. మీ ఇంట్లోంచి ఎవరన్నా ఈ ఏడు అటు బయలుదేరుతుంటే వాళ్ల పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం జిరాక్సు ఒక సెట్టు మీ దగ్గర పెట్టుకోండి. అక్కడ బతాకా మారినప్పుడల్లా ఫొటో పంపమని చెప్పండి.