ఆరుద్ర వానల్లో కుండీల కబుర్లు

మృగశిర దాటి ఆరుద్ర కార్తె నడుస్తోంది. ఖమ్మంలోని మా ఖానాపురం హవేలిలో మేడల మీద మళ్లీ మనుషుల అలికిడి వినిపిస్తోంది. ఎండాకాలమంతా 44, 45 డిగ్రీల వేడికి గ్రీన్ నెట్ కింద బతికిన కుండీలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. నర్సరీల ముందు కడియం మొక్కలు దిగాయి. ఆషాఢం రాబోతోందని గోరింటాకు కొమ్మల కోసం అడిగేవాళ్లు అప్పుడే తయారు. భద్రాచలం వైపు వెళ్లొచ్చిన వాళ్లు మాత్రం కలివి పండ్లు తెస్తున్నారు. కలే పండ్లని కూడా అంటారు. నల్లగా నిగనిగలాడుతుంటాయి, కొరికితే జిగటపాలు పెదాలకు అంటుకుంటాయి. ఈ ఏడాది అవి చూశాకే మా వీధిలో అందరికీ కుండీల్లో పండ్ల పొదలు పెట్టాలనే కోరిక పుట్టింది.

నన్నడిగితే ముందు స్ట్రాబెర్రీ ఆశ వదులుకోమంటాను. లంబసింగి చలిలో పండే పంట అది. సముద్రమట్టానికి నూరు మీటర్ల చిల్లర ఎత్తులో, రాత్రి కూడా గోడలు సెగలు కక్కే ఖమ్మంలో దానికి నరకమే. బ్లూబెర్రీకైతే పుల్లటి మట్టి కావాలి, చలి కూడా కావాలి. మన ఎండను ఓర్చుకుని కాసేవి మనకే ఉన్నాయి: మల్బరీ, ఫాల్సా, వాక్కాయ. ఈ మూడూ కుండీలో ఒదుగుతాయి, కత్తిరింపుకు లొంగుతాయి.

మల్బరీ అంటే మనకు పట్టుపురుగుల మేత గుర్తొస్తుంది. పట్టు రైతులు పెంచే వి-1 లాంటి రకాలు ఆకు కోసం తయారైనవి. వాటికీ పండ్లు రాకపోవు గానీ, పండు కోసమే అయితే పొడుగు కాయల రకం కొమ్మ అడిగి తెచ్చుకోండి. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కళ్లు ఉండేలా కోసి, రెండు కళ్లు మట్టిలోకి పోయేలా గుచ్చితే చాలు. ఈ వానలకు నెల తిరిగేసరికి వేళ్లు పోసుకుంటుంది. తొందరపడి పీకి చూడకండి. మూడు నెలలయ్యాక పెద్ద కుండీలోకి మార్చవచ్చు.

మార్చడం దగ్గరే అందరికీ భయం. మొన్న మా పక్కింటి పిన్ని నూనె డబ్బాలో ఏపుగా పెరిగిన మల్బరీని చూపించి, "కదిపితే చచ్చిపోదూ?" అని అడిగింది. "ఇప్పుడు కదపకపోతేనే కష్టం పిన్నీ, వేళ్లు డబ్బా అడుగున చుట్టలు చుట్టుకుపోయి ఉంటాయి" అన్నాను. నిజంగానే అలాగే ఉన్నాయి. ముందురోజు నీళ్లు పెట్టి, సాయంత్రం డబ్బాను పక్కకు వాల్చి తట్టి, కాండం పట్టి లాగకుండా మట్టిగడ్డతో సహా జార్చాం. చుట్టుకున్న వేళ్లను పదునైన కత్తితో నాలుగు వైపులా నిలువుగా గీశాం. లేకపోతే కొత్త కుండీలోకి వెళ్లినా అవి అక్కడక్కడే తిరుగుతాయి. కొమ్మల్ని మూడో వంతు తగ్గించి, ఆకులు సగం దూసేశాం. వేళ్లు నిలదొక్కుకునేదాకా మొక్క పీల్చగలిగే నీరు తక్కువ, ఆకులెక్కువుంటే వాడిపోతుంది. మునుపటి లోతులోనే నాటాలి. నాలుగైదు రోజులు నీడ చాలు. జోరువాన పడుతుండగా ఈ పని పెట్టుకోవద్దు, తడిసి ముద్దయిన మట్టిగడ్డ చేతిలోనే విరిగిపోతుంది. రెండు వానల మధ్య కాస్త వరపిచ్చిన సాయంత్రం చూసుకోండి.

ఇక మట్టి. మన దగ్గర ఎర్ర చల్కా ఉంది, నల్ల రేగడీ ఉంది. కుండీకి చల్కానే మేలు. రేగడి వానకు బురదై ఊపిరాడనివ్వదు, ఎండకు బీటలిస్తుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, పైన గుప్పెడు వేపపిండి. ఫాల్సాకూ వాక్కాయకూ 18 అంగుళాల కుండీ సరిపోతుంది. మల్బరీకి సగం కోసిన డ్రమ్ము ఉంటే హాయి. కానీ నూరు లీటర్ల మట్టి వానకు నానితే నూట యాభై కిలోల దాకా తూగుతుంది, స్లాబు నడిమధ్యన కాకుండా గోడవారగా పెట్టండి. అడుగున ఎత్తుకు మా పేటలో గ్రానైట్ ముక్కలకు కొదవ లేదు. మూడు ముక్కలు పేర్చితే అడుగు రంధ్రం మూసుకోదు, మేడా చెమ్మెక్కదు.

ఫాల్సా మన అడవి జానపండ్లకు దగ్గరి చుట్టం. ఎండాకాలంలో కాస్తుంది, కోసిన మర్నాటికే మెత్తబడిపోతుంది. అందుకే బజారులో దొరకడం అరుదు, ఇంట్లో పెంచుకోవాల్సిందీ అందుకే. దాని కాపంతా కొత్త చిగుళ్ల మీదే గనుక చలికాలంలో నడుమెత్తుకు కోసేయాలి. చూసేవాళ్లకు మనసొప్పదు గానీ కోస్తేనే బాగా కాస్తుంది.

వాక్కాయ సంగతి నాకు మరీ ఇష్టం. మొన్న రైతుబజారులో తొలి గుత్తులు కనిపించాయి, ఇక వాక్కాయ పప్పు రోజులే. ముళ్లపొద కావడంతో కోతులు కూడా ఆలోచించి చెయ్యేస్తాయి, మా వైపు అది చిన్న వరమేమీ కాదు. గింజతోనే మొలుస్తుంది. అయితే గింజ నిలవుంటే సత్తువ పోతుంది. కాయ పండి నల్లబడ్డాక పిసికి, కడిగి, నీడన ఆరబెట్టి ఒకట్రెండు రోజుల్లోనే నాటేయాలి.

గింజ మాట వచ్చిందంటే మా జిల్లాలో వనజీవి రామయ్య గారిని తలుచుకోకుండా ఉండలేను. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లి ఆయనది. సైకిల్ మీద తిరుగుతూ కోటి మొక్కలు నాటిన మనిషిగా పేరు, 2017లో పద్మశ్రీ. 2025 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. ఏ చెట్టు గింజ ఎప్పుడు రాలుతుందో కనిపెట్టి ఏరి దాచి, వానలు రాగానే మట్టిలో వేసిన ఆయన పద్ధతి కుండీల వాళ్లమైన మనకూ పనికొస్తుంది, నిలవుండని వాక్కాయ గింజకు తప్ప.

చివరగా ఒక జాగ్రత్త: మల్బరీ చిగుళ్లు ముడుచుకుని తెల్లటి పిండినల్లి కనిపిస్తే ఆ చివరలు తుంచి పారేయండి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు చల్లండి. పుష్యమి కార్తె వచ్చేలోగా పిన్ని మల్బరీ నుంచి కోసిన కొమ్మలు ఇంకో పది కవర్లలో గుచ్చి ఉంచుతాం. కావాల్సిన వాళ్లు ఖాళీ డబ్బా, కాస్త ఎర్రమట్టి పట్టుకుని రండి.