వెనక్కి జరగడానికి చోటు లేదు

మా హాలు 12 బై 10. తలుపు పక్క మూలలో గోడకి వీపు ఆనించి, కెమెరాని ముక్కుకి నొక్కిపట్టుకుని, లెన్సుని 18 మిల్లీమీటర్ల దాకా తిప్పేసినా సరే, ఫ్రేములోకి సోఫా వస్తే టీవీ రాదు, టీవీ వస్తే దేవుడి గూడు రాదు. ఇంకో అడుగు వెనక్కి వేద్దామంటే గోడ. గోడ అవతల సందు, సందులో అమ్మ తులసి కుండీ.

ఇది పోయిన డిసెంబరు సంగతి. ఏ.ఎస్. రావు నగర్‌లో 200 గజాల్లో కట్టిన మా ఇంటిని ఉగాది తర్వాత పడగొడతారు. బిల్డరుతో అగ్రిమెంటు అయిపోయింది. మాకు రెండు ఫ్లాట్లు, లిఫ్టు, కారుకి పార్కింగు. సంతకాలు పెట్టిన రోజు రాత్రి అన్నం తింటూ నాన్న ఒకే ఒక్క మాట అన్నాడు. "పడగొట్టేలోపు ఇంటిని మొత్తం ఒకసారి ఫోటోలు తీసిపెట్టరా."

నాన్న నన్ను ఏదైనా అడగడం చాలా అరుదు. పైగా ఆ సంతకం ఆయన చేత పెట్టించింది నేనే. రెండేళ్ళ పాటు పండక్కీ పబ్బానికీ కూర్చోబెట్టి మరీ చెప్పాను. అమ్మ మోకాళ్ళు, వానాకాలం కారే స్లాబు, చెదలు పట్టిన గుమ్మాలు, అన్నీ అయ్యాక చివరికి ఒక మాట దగ్గర ఆగేవాణ్ణి: "ఇరుకు నాన్నా. నలుగురొస్తే కూర్చోడానికి చోటుండదు." ఆ మాటకి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. అందుకని ఇప్పుడు ఆయన అడిగిన ఈ 'మొత్తం' నాకు చాలా పెద్ద పనైపోయింది.

కెమెరా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న కెనాన్ 700డి, దానితో పాటు వచ్చిన 18-55 లెన్సు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి సమస్య వస్తే ముందు కాగితం తీసుకుంటాను. ఆ కెమెరా సెన్సారు వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. 18 దగ్గర అడ్డంగా కనబడేది 64 డిగ్రీలు. గది మూల 90 డిగ్రీలు. అంటే మూలలో నిలబడితే నాకు అటు గోడా ఇటు గోడా కలిపి రావు. ఇది నా చేతకానితనం కాదు, జామెట్రీ. 11 మిల్లీమీటర్ల దగ్గర సరిగ్గా 90 దాటుతుంది, దాటీ దాటనట్టు. 10 దగ్గర 96. మూలలో నిలబడేవాడికి ఆ ఒక్క మిల్లీమీటరులో ఐదు డిగ్రీల పైన తేడా. అదే 54కీ 55కీ మధ్యయితే అర డిగ్రీ కూడా ఉండదు. టెలీ లెన్సులు కొనేవాళ్ళు 200 చాలదు, 300 కావాలని వందల్లో మాట్లాడుకుంటే, వైడ్ లెన్సుల దగ్గర మనుషులు ఒక్కొక్క మిల్లీమీటరు కోసం ఎందుకు కొట్టుకుంటారో నాకు ఆ రాత్రి అర్థమైంది.

సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్ దయాళ్ తీసిన రాజభవనాల ఫోటోలు చూస్తుంటే నాకు ఇంకోటి కూడా తట్టింది. ఆయన భవనం మొత్తాన్నీ, ముందున్న ఆవరణతో సహా, ఎంతో తాపీగా ఫ్రేములో పెట్టాడు. ఎందుకంటే ఎంత కావాలంటే అంత వెనక్కి నడిచే చోటు అక్కడ ఉంది. మా కాలనీలో రోడ్డుకి అటువైపుకి వెళ్ళి తీద్దామన్నా ఎదురింటివాళ్ళ కారు అడ్డం. అల్ట్రా వైడ్ లెన్సుని అందరూ కొండలకీ సముద్రాలకీ అంటగడతారు గానీ, నన్నడిగితే అది అచ్చంగా ఇరుకిళ్ళవాళ్ళ లెన్సు.

ఇక వెతుకులాట. కెనాన్‌దే 10-22 ఉంది, 2004 నాటిది, మంచి పేరున్నది. టోకినా 11-16 ఉంది, ఎఫ్ 2.8, అరకిలో పైన బరువు, చేత్తో పట్టుకుంటే ఇనప వస్తువులా ఉంటుంది. 2014లో వచ్చిన కెనాన్ 10-18 ఉంది. ఇది 240 గ్రాములే, వెనక మౌంటు కూడా ప్లాస్టిక్కే, ఎఫ్ 4.5 నుంచి మొదలు. టోకినా దీనికి రెండున్నర రెట్లు వెలుతురు తీసుకుంటుంది. కానీ దానికి వణుకు ఆపే ఏర్పాటు లేదు, దీనికి ఉంది. వారం రోజులు రివ్యూలు చదివాను. రివ్యూ రాసే ప్రతివాడూ ఒక ఇటుకల గోడ ఎదురుగా కెమెరా పెట్టి, ఆ నాలుగు మూలల్లో ఇటుక ఎంత మసకగా వచ్చిందో కొలిచి చూపిస్తాడు. నేనూ అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. నవల్లో మనిషి ఎలా ఉన్నాడో చెప్పకుండా మూడో అధ్యాయంలో దృష్టికోణం జారిందని రాసిన పేరాలు గుర్తొచ్చి, ఆ ఇటుక గోడలవాళ్ళని ఏమీ అనబుద్ధి కాలేదు.

ఆఫీసులో ఒకతను అడిగాడు, ఫోనులో 0.5 నొక్కితే సరిపోదా అని. సరిపోతుంది, పగలైతే. మా పడగ్గదిలో ట్యూబులైటు కింద ఆ చిన్న సెన్సారు గోడని పిండి చల్లినట్టు చూపిస్తుంది. ఇది నేను అతనికి చెప్పిన కారణం. అసలు కారణం, నాకు కొనాలనుంది. ఇంటి విషయంలో నేను చేసినదానికి ఏదో కొంత ఖర్చు పెట్టుకుంటే తప్ప మనసు ఊరుకునేలా లేదు.

చివరికి లెక్క ఇలా తేలింది. ఇల్లు కదలదు. కదలనిదానికి ఎఫ్ 2.8 ఎందుకు? ట్రైపాడ్ వేసుకుని ఎంతసేపైనా షట్టరు తెరిచి ఉంచొచ్చు. సైనిక్‌పురిలో పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే ఒకబ్బాయి ఫుల్ ఫ్రేముకి మారిపోతూ తన 10-18 అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. వెళ్ళేటప్పుడు అన్నాడు: "అన్నా, మనుషుల్ని మాత్రం అంచుల్లో పెట్టకు. పెళ్ళికూతురి మేనత్త నన్ను ఇప్పటికీ తిడుతుంది."

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. మూలలో ట్రైపాడ్, లెన్సు 10 దగ్గర. సోఫా, టీవీ, దేవుడి గూడు, ఫ్యాను, కిటికీ, వంటింటి గుమ్మం, అందులో అమ్మ, అన్నీ ఒక్క ఫ్రేములో. కెమెరా కాస్త పైకెత్తితే గోడలు వెనక్కి పడిపోతున్నాయి, కిందికి దించితే మీదికొచ్చేస్తున్నాయి. బబుల్ లెవెల్ పెట్టి సరిచేశాను. మధ్యాహ్నానికి అన్ని గదులూ అయ్యాయి. సాయంత్రం ల్యాప్‌టాప్ ఇద్దరి ముందూ పెట్టాను.

అమ్మ నవ్వింది. "ఇది మన హాలా? ఫంక్షన్ హాలులా ఉంది."

నిజమే. మా 12 అడుగుల హాలు ముప్ఫై అడుగులుంది. ఎదురుగోడ ఎక్కడో దూరంగా, దేవుడి గూడు అగ్గిపెట్టెంత. అపార్ట్‌మెంట్ల బ్రోషర్లలో ఫోటోలు గుర్తున్నాయి కదా, అలాగే. అంచున కుర్చీలో కూర్చున్న నాన్న భుజం, తల అడ్డంగా సాగిపోయి ఆయనలో ఒకటిన్నర మనిషి ఉన్నాడు.

నాన్న ఒక్కో ఫోటో చూస్తూ వెళ్ళాడు. అన్నీ అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "ఇంత పెద్ద ఇంటినా నువ్వు ఇరుకన్నావ్?"

తమాషాకే అన్నాడేమో. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. సమాధానంగా ఆప్టిక్స్ చెప్పడం మొదలుపెట్టాను. మనకి అదొక దారి ఉంటుంది కదా. "దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది మరీ చిన్నగా వస్తుంది నాన్నా. అది లెన్సు వల్ల కాదు, మనం అంత దగ్గరగా నిలబడటం వల్ల. లెన్సు అంత దగ్గర నుంచి కూడా మొత్తం పట్టుకుంటుంది, అంతే. గోడలు వంగకుండా తిన్నగా రావాలంటే అంచులు సాగాల్సిందే..."

"టాంజెంటు కదా. 45 దాటితే సాగదా మరి" అన్నాడు.

నాన్న 34 ఏళ్ళు ఈసీఐఎల్‌లో పనిచేశాడు. 1967లో పుట్టిన ఆ సంస్థని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే మా కాలనీకి. చిన్నప్పుడు ఏ.ఎస్. అంటే ఏంటని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఈసీ టీవీలు దేశమంతా ఇళ్ళల్లో ఉన్న రోజుల్లో మా వరండాలో సాయంత్రం పూట రెండు మూడు టీవీలు వెనక డొక్క విప్పుకుని కూర్చునేవి. చుట్టుపక్కలవాళ్ళవి, ఫ్రీగా. ఆ బల్ల ఇప్పటికీ ఉంది. దాని మీద సోల్డరింగ్ ఐరన్ వాత పెట్టిన మచ్చలు, షాబాద్ బండల సందుల్లో ఇంకా మెరిసే సీసం చుక్కలు.

మర్నాడు పొద్దున్న ట్రైపాడ్ లోపల పెట్టేసి వరండాలోకి వెళ్ళాను. ఈ లెన్సు 22 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. కొనేటప్పుడు ఆ అంకె చదివి వదిలేశాను. బల్ల అంచు మీదికి వంగి, ఒక మచ్చకి జానెడు దూరం దాకా పోయాను. మచ్చ బొటనవేలంత పెద్దదైంది. దాని వెనక బల్ల మొత్తం, బల్ల వెనక కటకటాలు, గేటు, గేటవతల వేపచెట్టు, పాల ప్యాకెట్లతో లోపలికి వస్తున్న నాన్న. నేను నిన్నంతా వెనక్కి వెనక్కి జరిగి గోడకి అతుక్కుపోయి తీశాను. ఈ వస్తువు పనిచేసేది ముందుకి వెళితే.

అలా ఆ వారమంతా తీశాను. రుబ్బురోలు గుంటలోకి వంగి, దాని వెనక వంటిల్లు. స్విచ్చిబోర్డు పక్కన చెంప పెట్టి, దాని వెనక హాలు. (ఆ బోర్డు నాన్నే బిగించాడు. ఫ్యాను స్విచ్చి పైకేస్తే ఆగుతుంది. ఇల్లంతా కిందికేస్తే ఆగుతుంది. ఎందుకలా అని అడిగితే ఇప్పటికీ మాట మారుస్తాడు.) నాన్న కదులుతూ ఉంటే మాత్రం మసగ్గా వస్తున్నాడు. వంటింటి వెలుతురుకి ఎఫ్ 4.5 చాలట్లేదు. ఇల్లు కదలదని లెక్కేసినవాణ్ణి, ఇంట్లోవాళ్ళు కదులుతారని వేయలేదు. టోకినా గుర్తొచ్చింది. సరే.

ఈ ఫోటోలు చూసి నాన్న తలూపాడు గానీ, ఇంకా ఏదో తక్కువైనట్టు చూస్తున్నాడు.

"బావున్నాయిరా. కానీ ఇందులో ఏది ఎంతో ఎలా తెలుస్తుంది?"

"ఎంతో అంటే?"

"స్కేలు లేకుండా డ్రాయింగ్ ఏంటి? రేపు నీ కూతురు చూస్తే హాలు ముప్ఫై అడుగులనుకుంటుంది."

లేచి వెళ్ళి బీరువా పైనుంచి స్టీలు టేపు తెచ్చాడు. ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీ మీద నమ్మకం లేక కొన్నదట, మొదటి రెండు అంగుళాల మీద అంకెలు అరిగిపోయాయి. హాల్లో ఆ గోడకి ఒక చివర ఆనించి, ఈ గోడ దాకా పరిచాడు. నన్ను మళ్ళీ మూలలోకి వెళ్ళమన్నాడు. 10 దగ్గరే పెట్టాను. నేల మీద పసుపు గీతలా టేపు, దాని చివర గొంతుకూర్చున్న నాన్న. అంచున పెట్టకూడదని మధ్యకి జరగమన్నాను. జరగలేదు. జరిగితే టేపు వదిలేయాలి.

"తీశావా?"

"తీశాను."

వంగి అంకె చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళజోడు పైకి తోసి, టేపుని గోడకి ఇంకా గట్టిగా నొక్కి మూడోసారి చూశాడు.

"11 అడుగుల 9 అంగుళాలు" అన్నాడు. "ఇన్నాళ్ళూ పన్నెండనుకున్నాం."

అమ్మ వంటింట్లోంచి అడిగింది, ఏమిటి తగ్గిందీ అని. మేమిద్దరం ఏమీ లేదన్నాం. నాన్న టేపు చుట్టుకుంటూ పడగ్గదిలోకి నడిచాడు, నేను కెమెరా తీసుకుని వెనకే వెళ్ళాను.