ప్రసూతి సెలవు దయ కాదు, హక్కు



చెన్నైలో తెలుగు బోధించే బడులు కొన్నింటిలో ఆ భాషకు ఉపాధ్యాయిని ఒక్కరే. ఆమె ప్రసూతి సెలవు కోరగానే, "మీరు వెళితే పిల్లల తెలుగు ఏమవుతుంది?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన భాషకు చోటు ఇరుకైన ఈ నగరంలో ఆ మాట సూటిగా గుండెను తాకుతుంది. భాషాభిమానం గల ఉపాధ్యాయిని తన సెలవును తానే కుదించుకొంటుంది.

1990లలో నేను తల్లినయినప్పుడు చట్టం ఇచ్చినది 12 వారాలే. మూడు నెలల పసికందును మా అమ్మ చేతిలో పెట్టి బడికి వచ్చాను. తడిసిన రవిక కనబడకుండా చెంగు కప్పుకొని గుణింతాలు చెప్పిన మధ్యాహ్నాలు ఎన్నో. అందరూ దానిని త్యాగమని మెచ్చుకొన్నారు. చట్టం చాలలేదని ఎవ్వరూ అనలేదు.

ఇప్పుడు పరిస్థితి వేరు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో జరిగిన సవరణ వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడ ఆ గడువును నిలిపింది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే తీసుకొనవచ్చును. కాన్పుకు ముందు 12 నెలలలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఇద్దరు బిడ్డలున్నవారికి 12 వారాలే. సెలవులో ఉన్నామె ఉద్యోగం తీసివేయడం చట్టవిరుద్ధం. తమిళనాడు ప్రభుత్వోద్యోగినులకు 2021 జూలై 1 నుండి ఈ సెలవు పన్నెండు నెలలు.

ఈ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాల ఆంగ్లోపాధ్యాయిని ఒకరికి, మొదటి వివాహం వలన ఇద్దరు బిడ్డలున్నారని, పునర్వివాహానంతర కాన్పుకు సెలవు నిరాకరించారు. 2025 మే 23న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పి, ప్రసూతి సెలవు స్త్రీ సంతాన హక్కులలో భాగమని స్పష్టం చేసింది.

సెలవు జీతం భారం యాజమాన్యంపై పడవచ్చును కనుక, చిన్న బడులు వెనుకాడడానికి కారణం లేకపోలేదు. అయినను ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుని వెదకడం యాజమాన్యం బాధ్యత, బాలింత బాధ్యత కాదు.

కనుక సోదరీమణులారా, సెలవును వ్రాతపూర్వకంగా కోరండి. అందినట్లు సంతకం, తేదీ ఉన్న నకలు దాచుకొనండి. తల్లిదండ్రులారా, "టీచరుగారు ఎప్పుడొస్తారు?" అని ఆమెను అడగకండి. "అంతవరకు తెలుగు ఎవరు చెబుతారు?" అని యాజమాన్యాన్ని అడగండి. ఒక తల్లి ఆరోగ్యాన్ని పణంగా పెడితే తప్ప నిలువని తెలుగు తరగతి ఎంతకాలం నిలుస్తుంది?