ప్రశ్నల పెట్టె ఎందుకు తీసివేశాను

ఆరోగ్య సలహాల వెబ్‌సైటు తెరవగానే అది మిమ్మల్ని ఏదో మందుల దుకాణపు పేజీకి తీసుకుపోయిందా? తప్పు మీ ఫోనుది కాకపోవచ్చు. ఆ సైటుకు తగిలించిన ప్లగిన్‌లో లోపం ఉండవచ్చు. సందర్శకులు పెట్టెలో రాసినదానిని వడగట్టకుండా ప్లగిన్ యథాతథంగా పేజీలో ఉంచితే, అందులో దాగిన స్క్రిప్టును బ్రౌజరు సైటువారి ఆజ్ఞగానే నమ్మి అమలు చేస్తుంది. దీనినే క్రాస్‌సైట్ స్క్రిప్టింగ్ అంటారు. లాగిన్ అయిన నిర్వాహకుడే ఆ పేజీని చూస్తే అతని అధికారాలు దానికి చిక్కుతాయి. 40 లక్షలకు పైగా సైట్లు వాడే లైట్‌స్పీడ్ క్యాష్‌లోనే ఇటువంటి రంధ్రం బయటపడగా, 2023 అక్టోబరులో 5.7.0.1 వెర్షనుతో దానిని పూడ్చారు.

బాపట్ల, రేపల్లెల నుండి నాకు రాసేవారిలో క్షయ సంగతి ఇంట్లోనూ చెప్పుకోనివారున్నారు. నేనో, రెండేళ్లుగా ఆ పెట్టె ప్లగిన్‌ను అప్‌డేట్ చేయనేలేదు! మొన్న దానిని తీసివేశాను. ఇకపై మీ సందేహాలు ఫోనులో అడగండి.