లాచుంగ్‌లో నిద్రపట్టని రాత్రి

ఖరగ్‌పూర్‌లో రాత్రికి నిశ్శబ్దం తెలియదు. నీంపురా యార్డులో గూడ్సు బండి కదిలిందంటే కప్లింగులు బిగుసుకునే చప్పుడు ఒక వ్యాగను నుంచి మరొక వ్యాగనుకు పాకుతూ ఊరి చివరిదాకా పోతుంది. స్టేషనులో ప్రకటనలు, ఇంజన్ల కూతలు తెల్లవార్లూ సాగుతూనే ఉంటాయి. 1,072 మీటర్ల పొడవున్న ఆ ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేవరకూ ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. ఊరివారు ఇప్పటికీ ఆ మాట కొంత గర్వంగానే చెప్పుకుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి కూలి వెదుక్కుంటూ వచ్చిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు నేడు ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ మాట్లాడుతూ ఈ మోతలోనే పుట్టి పెరుగుతున్నారు.

అటువంటి కుటుంబంలో పుట్టిన ఒక ఫిట్టరు 1978లో, ఇరవయ్యో ఏట, వ్యాగన్ల మరమ్మతు షాపులో చేరాడు. ఇనుప పలకలమీద సుత్తి దెబ్బలు, రివెట్లు బిగించే యంత్రాల రొద, వీటి మధ్య నలభై ఏళ్లు పనిచేసి 2018లో పదవీ విరమణ చేశాడు. ఇక క్వార్టరు ఖాళీచేసి సొంత ఊరు వెళ్లిపోదామన్నది ఆయన భార్య చిరకాల వాంఛ. టెక్కలి దగ్గర పల్లెలో ఆమెకు పుట్టింటివారిచ్చిన రెండు గదుల ఇల్లుంది. చుట్టూ జీడిమామిడి తోటలు. పొద్దుగూకితే కుక్క అరుపు తప్ప మరో చప్పుడు వినబడదు. ఈ హోరులో గడిపిన బతుక్కి ఆ ప్రశాంతి తప్ప వేరే ప్రతిఫలం ఆమె కోరలేదు.

2019 మే నెలలో, విశ్రాంత ఉద్యోగుల కుటుంబాలు కొన్ని కలిసి ఒక బస్సు మాట్లాడుకుని సిక్కిం యాత్రకు బయలుదేరాయి. వంటమనిషి, గ్యాసు పొయ్యిలు, చింతపండు, కందిపొడి, ఆవకాయ జాడీ వెంట ఉన్నాయి. (తెలుగువాడు కైలాసానికి వెళ్లినా జాడీ లేకుండా వెళ్లడు.) బాంకురా, మోర్‌గ్రామ్ మీదుగా పోయి ఫరక్కా ఆనకట్టపై గంగను దాటి, మర్నాటికి సిలిగురి చేరారు. దారి పొడవునా ఘంటసాల పాటలు, చీట్లపేక, పిల్లల పెళ్లిళ్ల సంగతులు. గాంగ్టక్ దాటాక పెద్ద బస్సులు పోవు. అనుమతి పత్రాలు తీసుకుని చిన్న బళ్లలో సర్దుకున్నారు. తీస్తా వెంబడి మెలికలు తిరిగే ఆ దారిలో పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లాచుంగ్ చేరేసరికి ఎవరూ మాట్లాడటంలేదు.

సముద్రమట్టానికి ఎనిమిదివేల అడుగులకు పైబడిన ఎత్తున, మంచుకొండల ఒడిలో ఉన్న ఊరది. 1849లో ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హూకర్ రోడోడెండ్రాన్ జాతుల అన్వేషణలో ఈ లోయలో తిరిగాడు. నేటికీ ఊరి వ్యవహారాలు ‘జుమ్సా’ అనే సంప్రదాయ గ్రామసభే చూసుకుంటుంది. దాని పెద్దలను ‘పిపోన్’లంటారు. ఏరు లోయ అడుగున పారుతుంది. యాత్రికులకు బస దొరికింది ఎగువన, బౌద్ధమఠానికి పోయే దారిలో. కిటికీ మూస్తే ఏటి చప్పుడు సన్నని ఊపిరిలా మాత్రమే వినవస్తుంది. ఆ ఎత్తున నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కనుక అన్నం పలుకుమీదే దిగింది. వంటమనిషిని తిట్టుకుంటూ అందరూ ఎనిమిదింటికల్లా దుప్పట్లలో దూరారు.

ఆమెకు ఆ రాత్రి అద్భుతంగా తోచింది. తన పల్లెలో చిన్ననాడు ఎరిగిన రాత్రి, ఇన్నేళ్లకు తిరిగివచ్చినట్టనిపించింది. పక్కన ఆయన మాత్రం అటూ ఇటూ పొర్లుతున్నాడు. ఒంటిగంట దాటాక లేచి కూర్చుని అడిగాడు:

“ఈ ఊళ్లో కీచురాళ్లు ఇంతలా అరుస్తున్నాయేటి?”

“కీచురాళ్లా? ఈ చలిలో కీచురాళ్లెక్కడివండీ?”

ఆయన వినలేదు. ఆమె లైటువేసి, ముఖం దగ్గరగా జరిగి మళ్లీ చెప్పింది. ఆయన కొంతసేపు గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చప్పుడు కొత్తది కాదు. షాపులో చేరిన తొలి సంవత్సరాలనుంచీ ఉన్నదే. ఖరగ్‌పూర్ మోతలో మరుగునపడి ఉండేది. ఇక్కడ దాన్ని కప్పేందుకు ఏమీ లేదు.

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేటి?”

“రాత్రిపూట అందరికీ అలాగే వినిపిస్తాదనుకున్నాను.”

1886లో గ్లాస్గో నగరపు వైద్యుడు థామస్ బార్ వందమంది బాయిలరు కార్మికుల చెవులు పరీక్షించి, వారిలో ఒక్కరికైనా సహజమైన వినికిడి లేదని ప్రకటించాడు. లోపలి చెవిలో నత్తగుల్లవంటి నాళం ఉంటుంది. ధ్వనిని అందుకునే సూక్ష్మమైన రోమకణాలు అందులో ఉంటాయి. తీవ్రమైన మోతకు అవి ఏళ్ల తరబడి నలిగి చనిపోతే మనిషిలో తిరిగి మొలవవు. మొదట పోయేవి సన్నని స్వరాలు. అంటే పక్షి కూత, పసిపిల్లల మాట, ‘స’కారం, ‘త’కారం. అలా వినికిడి తగ్గిన చెవిలో, బయట లేని గీపెట్టు తరచుగా పుట్టుకొస్తుంది. చుట్టూ సద్దుమణిగినకొద్దీ అది పెరిగినట్టు తోస్తుంది. మన దేశపు కర్మాగార నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. రివెట్లు కొట్టేచోట ధ్వని నూరు దాటడం మామూలే. ఆయన తరంలో చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి తోటివారు నవ్వేవారు.

నిశ్శబ్దం, ప్రశాంతి అని తెలుగులో రెండు మాటలున్నా, మనం ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటాం.

కాని ఆ రాత్రి ఆమెను బాధించినది చెవి సంగతి కాదు. పెళ్లయిన కొత్తలో ఆమె వంటింట్లోనుంచి ఏదో చెప్పేది. ఆయన బదులిచ్చేవాడు కాదు. గట్టిగా చెబితే, “అరుస్తావెందుకు?” అనేవాడు. తన మాటంటే లెక్కలేదని ఆమె నిశ్చయించుకుంది. క్రమంగా చిన్న చిన్న కబుర్లు చెప్పడం మానేసింది. జీతం, పిల్లల ఫీజు, గ్యాసు సిలిండరు, ఇవి మాత్రమే మిగిలాయి. ముప్పయ్యయిదేళ్ల అలకకు కారణం ఆయన మనసులో లేదని, ఎక్కడో మంచుకొండల నడుమ, అర్ధరాత్రివేళ తెలిసింది. ఆమె లేచి కిటికీ తెరిచింది. చలిగాలితోపాటు ఏటి హోరు లోపలికి వచ్చింది. ఆయన చెవికి అది ఏ మేరకు అందిందో గాని, కాసేపటికి పడుకున్నాడు. ఆమె శాలువ కప్పుకుని తెల్లవారేదాకా కూర్చుంది.

మర్నాడు అందరూ యుమ్‌థాంగ్ లోయకు వెళ్లి పూలు చూశారు, మంచు దగ్గర ఫొటోలు తీయించుకున్నారు. ఆమె మాత్రం ఆయనకు ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా, ఏదో చెబుతూనే ఉంది. తోటివారికది వింతగా తోచింది.

ఇంటికి వచ్చాక చెవి పరీక్షలు జరిగాయి. వినికిడి యంత్రం వచ్చింది. దానిని ఆయన సగం రోజులు బీరువాలో పెట్టి మరిచిపోతాడు. రాత్రి గదిలో సన్నని చప్పుడేదైనా ఉండనిమ్మని వైద్యులు సలహా ఇచ్చారు. టెక్కలి ఇంటి మాట ఆమే మళ్లీ ఎత్తలేదు. తమ్ముడికి తాళాలిచ్చి, సంక్రాంతికి వస్తామని కబురు చేసింది. నీంపురా వైపు రైలుపట్టాలకు దగ్గరగా ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

2023 అక్టోబరు 4న దక్షిణ ల్హొనాక్ హిమసరస్సు గట్టుతెగి తీస్తా విరుచుకుపడింది. చుంగ్‌థాంగ్ ఆనకట్ట కొట్టుకుపోయి, లాచుంగ్‌కు దారి తెగిపోయింది. టెలివిజన్‌లో ఆ దృశ్యాలు చూస్తూ ఆమె, ఆ కిటికీ తెరిచిన గదిని తలచుకుంది. ఆయన భుజం తట్టి, తనవైపు తిరిగాక, ఊరి పేరు చెప్పింది.

ఇప్పటికీ రాత్రి ఏ రెండింటికో యార్డులో గూడ్సు బండి కదులుతుంది. ఆ చప్పుడుకు ఆమెకు మెలకువ వస్తుంది. పక్కన ఆయన గాఢంగా నిద్రపోతుంటాడు.