కుక్కరు పట్టిన చేతికి కారు పైపు ఓ లెక్కా!

కుక్కరు రబ్బరు సాగిపోయి పక్కనుంచి ఆవిరి పోతుంటే ఏం చేస్తాం? బజారుకెళ్ళి కొత్త రబ్బరు తెచ్చి వేసేస్తాం. శ్రీవారు ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోం కదా! మరి కారు బానెట్ ఎత్తాలంటే మాత్రం మనకెందుకండీ అంత జంకు? అక్కడ జరిగేదీ దాదాపు మన కుక్కరు వ్యవహారమే.

ఇంజను మాడిపోకుండా దాని చుట్టూ కూలెంట్ తిరుగుతూ ఉంటుంది. వేడెక్కిన కూలెంట్ పై రబ్బరు పైపులోంచి రేడియేటర్‌లోకి వచ్చి, గాలికి చల్లారి, కింది పైపులోంచి మళ్ళీ ఇంజనులోకి పోతుంది. నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి. మూత బిగిస్తే కుక్కర్లో దాదాపు 120 దాకా వేడెక్కుతాయి. రేడియేటర్ మూత చేసే పనీ ఇలాంటిదే. ఏళ్ళ తరబడి ఆ వేడినీ ఒత్తిడినీ భరించి భరించి రబ్బరు పైపు ఉబ్బుతుంది, పగుళ్ళిస్తుంది, ఓ రోజు కారడం మొదలెడుతుంది.

మా ఇంట్లో కారు షోకు కోసం కాదు. మామగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. మావారి ఉద్యోగం వేరే ఊళ్ళో. అందుకే నలభై దాటాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. అలాంటిది ఉగాది ముందురోజు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి కారు ఆపేసరికి కింద ఆకుపచ్చటి మడుగు! మా మెకానిక్ పండక్కి ఊరెళ్ళాడు. పండగ మర్నాడే మళ్ళీ డయాలసిస్.

ఆర్టీసీ డిపోలో పనిచేసే మా తమ్ముడికి ఫోను చేశాను. "అక్కా, పై పైపేగా కారుతోంది? నువ్వు మార్చేయగలవు. కానీ ఇంజను చల్లారేదాకా మూత జోలికి పోకు" అన్నాడు. స్పేర్ పార్టుల షాపాయన "సార్‌ని పంపండమ్మా" అన్నాడు. "సార్ కంటే నాకే ఎక్కువ తెలుసు, పాత ఆర్‌సీ ఇదిగో" అని మోడల్, సంవత్సరం చూపించి పైపు, రెండు క్లిప్పులు, కూలెంట్ తెచ్చుకున్నాను. ఒక్కో మోడల్‌కి పైపు వంపు ఒక్కోలా ఉంటుంది. ఆర్‌సీ దగ్గరుంచుకోవడం మంచిది.

పండగ పొద్దున్నే, పచ్చడి కలిపేసి, పని మొదలెట్టాను. పద్ధతి చెప్తాను వినండి.

కారు చదునైన చోట ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి, తాళం చెవి బయటికి తీసెయ్యాలి. కొన్ని కార్లలో ఇంజను ఆపినా ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. కనుక బ్యాటరీ మైనస్ వైరు విప్పేయండి. ఇంజను పూర్తిగా చల్లారాక, గుడ్డ అడ్డం పెట్టి మూత నెమ్మదిగా తియ్యాలి. కింద వెడల్పు టబ్బు పెట్టాలి. రేడియేటర్ అడుగున ఉన్న బిరడా వదులు చేసి పైపు మట్టం కిందికి వచ్చేదాకా కూలెంట్ దించుకుని, మళ్ళీ బిగించేయాలి.

తర్వాత క్లిప్పులు వదులు చేసి పక్కకి జరపాలి. పాత పైపు అంటుకుపోయి ఉంటుంది. బలంగా లాగకండి! దాన్ని తొడిగిన రేడియేటర్ మూతి చాలా కార్లలో ప్లాస్టిక్కే, విరిగిందంటే వేలల్లో ఖర్చు. అటూ ఇటూ మెలితిప్పండి. అప్పటికీ రాకపోతే పైపుని పొడుగ్గా కోయండి, కత్తి మూతికి తగలకూడదు. ఆ మూతి మీద పేరుకున్న తెల్లటి పొట్టు గుడ్డతో తుడవాలి. కొత్త పైపుకి ముందుగానే క్లిప్పులు ఎక్కించి, చివర్లు కూలెంట్‌తో తడిపి తొడగాలి. నూనె, గ్రీజు వద్దు, రబ్బరు పాడవుతుంది. మూతి మీద ఉబ్బెత్తు గీత దాటాక క్లిప్పు కూర్చోవాలి.

ఇక కూలెంట్. గాఢమైనదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సాధారణంగా సగానికి సగం కలపాలి. డబ్బా మీద కొలత చూసుకోండి. రెడీమిక్స్‌లో నీళ్ళు కలపక్కర్లేదు. బోరు నీళ్ళు అసలు పోయకండి. గీజర్లో ఉప్పు పేరుకున్నట్టే ఇక్కడా పేరుకుంటుంది. మెల్లగా నింపి, బ్యాటరీ వైరు బిగించి, మూత తీసే ఇంజను స్టార్టు చేసి, హీటర్ వేడి వైపు తిప్పి ఉంచండి. బుడగలు వస్తూ మట్టం తగ్గుతుంది, మళ్ళీ పోయాలి. మొహం మాత్రం దూరంగా పెట్టండి. బుడగలు ఆగాక మూత బిగించి, ఫ్యాను ఒకసారి తిరిగేదాకా చూసి, ఇంజను ఆపాలి. చల్లారాక మట్టం మళ్ళీ చూసుకోవాలి. ఆ రాత్రి కారు కింద పాత పేపరు పరిచాను. తెల్లారి పొడిగా ఉంది. అప్పుడే మామగారిని ఎక్కించుకున్నాను. పైపు, క్లిప్పులు, కూలెంట్ అన్నీ కలిపి పదకొండు వందల్లోపే అయింది.

కింది పైపు జోలికి మాత్రం నేను పోను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. అది మెకానిక్ పనే.

ఇంకో మాట, తల్లులకి ముఖ్యంగా. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం! చిన్నపిల్లలు, కుక్కపిల్లలు నాకితే కిడ్నీలే పోవచ్చు. కిడ్నీలు పోతే ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నదాన్ని, అందుకే ఇంతగా చెప్తున్నాను. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి దాచకండి. మిగిలింది కాలవలో పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డుకి ఇచ్చేయండి. కారింది వెంటనే కడిగేయండి.

దారిలో టెంపరేచర్ ముల్లు పైకెళ్తే ఏసీ ఆపి, పక్కన ఆగి, ఇంజను ఆపేయండి. వేడి మీద మూత తీస్తే కుక్కరు పేలినట్టే మొహాన చిమ్ముతుంది. చన్నీళ్ళు గుమ్మరించడమూ కూడదు. మూత తియ్యాలంటే గంట పట్టినా సరే, చల్లారనివ్వండి.

ఇదంతా ఎందుకంటారా? రేపు పొద్దున, కారు కదలకముందే, బానెట్ ఎత్తి ఆ పైపులు వేళ్ళతో నొక్కి చూడండి. మరీ మెత్తగానో, గట్టిపడిపోయో, పగుళ్ళతోనో ఉంటే వాయిదా వెయ్యకండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకు తిరిగే బండి కదా!