మూగబోయిన పికప్పూ, మా ఊరి వైండింగు మేస్త్రీ

మాది సాలూరు అని చెప్పగానే పాత పాటల అభిమానులు సాలూరి రాజేశ్వరరావు గారిని తలుచుకుంటారు. ఆయన 1922లో పుట్టింది సాలూరు పక్కనున్న శివరామపురంలో. పాటలతో పనిలేని వాళ్ళు "ఓ, లారీల ఊరు కదా!" అంటారు. విజయనగరం నుంచి ఒరిస్సా ఘాట్ ఎక్కే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. అది ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. అంచేత మా ఊళ్ళో లారీలూ, వాటిని బాగుచేసే షెడ్లూ, డైనమోలకీ మోటార్లకీ తీగ చుట్టే కొట్లూ ఎప్పట్నుంచో ఉన్నాయి. 2022లో జిల్లా మారి పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాం గానీ, షెడ్లలో చప్పుళ్ళు మాత్రం మారలేదు.

పాటకీ షెడ్డుకీ ఏంటి సంబంధం అంటారా? ఒక బేస్ గిటారు విషయంలో రెండూ కలిశాయి. అది చెబుదామనే ఈ టపా. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పనికొచ్చే సంగతి ఇందులో ఉందని నా నమ్మకం.

ముందు కాస్త ఉపోద్ఘాతం. మల్లీశ్వరి సినిమా వచ్చింది 1951లో. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే వాయిద్యాన్ని అమ్మకానికి పెట్టాడు. అంతకుముందు కింది స్వరాలు వాయించాలంటే మనిషంత ఎత్తుండే డబుల్ బేస్‌ని నిలబెట్టి వాయించాల్సిందే. ఫెండర్ దాన్ని మెళ్ళో వేసుకునే గిటారుగా మార్చి కరెంటు తగిలించాడు. 1960లో రెండు పికప్పులున్న జాజ్ బేస్ తెచ్చాడు. ఇవాళ మన ఊళ్ళలో ఆర్కెస్ట్రాల వాళ్ళ చేతుల్లో కనపడే చవకరకం బేస్ గిటార్లలో చాలామటుకు ఈ రెండింటికీ నకళ్ళే. ఇళయరాజా పాటలో, రాజ్-కోటి పాటలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే కింద ఒక గొంతు నడుస్తూ ఉంటుంది చూడండి, అదే బేస్. అన్నట్టు ఆ కోటి గారు రాజేశ్వరరావు గారి అబ్బాయే.

ఇహ అసలు సంగతి. మా పిన్ని కొడుకు ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాడు. పెళ్ళిళ్ళూ, అమ్మవారి పండగలూ, మధ్యమధ్యలో కొరాపుట్ వైపు ప్రోగ్రాములూ. వాడిది ఎవరి దగ్గరో కొన్న సెకండ్‌హ్యాండ్ గిటారు, రెండు పికప్పుల రకం. అందులో వంతెన వైపున్న పికప్పు ఒకరోజు మూగబోయింది. మెడ వైపుది పలుకుతోంది. "ఒకటి పలుకుతోందిగా, దాంతో లాగించెయ్యొచ్చుగా" అని మనకనిపిస్తుంది. వాడికొచ్చిన చిక్కల్లా అక్కడే.

ఈ రకం గిటార్లో రెండు పికప్పులకీ తీగ ఒకదానికొకటి ఎదురు దిశలో చుడతారు. అయస్కాంతాల ధ్రువాలు కూడా తిరగేసి పెడతారు. రెండూ సమానంగా తెరిచినప్పుడు తంతి శబ్దాలు కలిసిపోతాయి, బయటి కరెంటు వైర్ల నుంచి పట్టుకున్న 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొద మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి పోతే రెండోది ఒంటరిగా ఆ రొదనంతా మోసుకొస్తుంది. పందిట్లో సీరియల్ సెట్లు, జనరేటరు, పక్కన ఫోకస్ లైట్లు. ఇక చెప్పాలా? పాటకీ పాటకీ మధ్య స్పీకర్లోంచి కందిరీగల తుట్టె కదిపినట్టు మోత.

ఆర్కెస్ట్రా నడిపేవాయన రెండు ప్రోగ్రాములు ఓపికపట్టి, మూడోసారి "ఒరేయ్, కీబోర్డు వాడు ఎడంచేత్తో బేస్ కొట్టేస్తాడు గానీ, నువ్వు గిటారు బాగయ్యాక కనపడు" అన్నాడట. మాట మామూలుగానే ఉంది గానీ దానర్థం వేరు. కీబోర్డు ఎడంచేత్తో పని జరిగిపోతే మళ్ళీ పిలుపు రాదు. ఇప్పటికే సగం పాటలకి పెన్‌డ్రైవ్‌లో ట్రాకులు వేసేస్తున్నారు. బేస్ వాయించేవాడు లేడని పందిట్లో ఎవరూ అడగరు కూడా.

వాడు నగరంలో ఒక షాపుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు తీగ మీటి, నాబ్ తిప్పి, "పికప్పు పోయింది, జత మార్చాలి" అన్నారు. చెప్పిన రేటు వాడి నాలుగు ప్రోగ్రాముల డబ్బు. నేను సంక్రాంతికి ఊరెళ్తే గిటారు తెచ్చి నా ముందు పెట్టి "అన్నయ్యా, నువ్వు ఇంజినీరువి కదా" అన్నాడు. మన ఇళ్ళలో కంప్యూటరు ఇంజినీరంటే గ్రైండర్ నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ బాగుచెయ్యగలవాడని అర్థం కదా!

గిటారు విప్పకముందే నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "మెడ పికప్పు పూర్తిగా తెరిచి వాయిస్తూ, వంతెన వైపుదాని వాల్యూం కూడా నిండా తిప్పు. మెడ పికప్పు శబ్దం ఆగిపోతోందా, అలాగే ఉంటోందా?"

"అలాగే ఉంటోంది అన్నయ్యా."

ఈ జవాబుతో సగం పని అయిపోయింది. రెండు పికప్పులూ చివరికి ఒకే జాక్‌లోకి సమాంతరంగా కలుస్తాయి. మూగబోయిన పికప్పు షార్ట్ అయ్యుంటే, దాని వాల్యూం నిండా తిప్పగానే మెడ పికప్పు శబ్దాన్ని కూడా భూమిలోకి లాగేసేది. అలా జరగలేదు కాబట్టి అది షార్ట్ కాదు, ఎక్కడో తెగింది. మెడ పికప్పు పలుకుతోంది కాబట్టి జాకు, కేబులు, ఆంప్లిఫయరు మూడూ నిర్దోషులే. ఇక మిగిలిన ముద్దాయిలు నలుగురు. ఆ పికప్పు వాల్యూం కంట్రోలు, దానికున్న టంకం, పికప్పు నుంచి వచ్చే వైరు, లోపలి కాయిలు.

తర్వాత స్క్రూడ్రైవరుతో పికప్పు మీది ఇనుప మొనల్ని మెల్లగా తట్టాం. మెడ వైపుది స్పీకర్లో ఠక్ ఠక్‌మంది. వంతెన వైపుది ఉలకలేదు, పలకలేదు. కానీ స్క్రూడ్రైవర్ని మాత్రం పట్టి లాగుతోంది. "అయస్కాంతం లాగుతోందంటే పికప్పు బాగానే ఉన్నట్టే కదా" అన్నాడు మావాడు. కాదు. పికప్పు పనిచేసేది 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం మీద. అయస్కాంతం పైనున్న ఉక్కు తంతి ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది. చుట్టూ ఉన్న రాగి చుట్టలో చిటికెడు వోల్టేజి పుడుతుంది. చుట్ట తెగినా అయస్కాంతం లాగుతూనే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే సర్వరు పింగ్‌కి జవాబిస్తోంది, లోపల సర్వీసు మాత్రం పడుకుంది.

మూడోది మల్టీమీటరు. గిటారుకి కేబులు గుచ్చి, రెండో కొసలో మొనకీ ఒంటికీ మధ్య నిరోధం చూశాం. మెడ పికప్పు ఒక్కటే తెరిస్తే 7 కిలో ఓమ్స్ చూపించింది, అలాగే ఉండాలి. వంతెన వైపుది ఒక్కటే తెరిస్తే 125 కిలో ఓమ్స్ చిల్లర. ఈ 125 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, రెండు వాల్యూం కంట్రోళ్ళూ ఒక్కోటీ 250 కిలో ఓమ్స్‌వి. రెండూ సమాంతరంగా ఉంటే సగం. అంటే మీటరుకి కంట్రోళ్ళు తప్ప పికప్పు అసలు కనపడటంలేదన్నమాట.

అప్పుడు వెనక మూత విప్పాం. ఆంప్లిఫయరుకి ఎర్తు సరిగ్గా ఉందని ముందు చూసుకుని (మన పందిళ్ళలో ఇది మర్చిపోతే ప్రాణం మీదికొస్తుంది), వాల్యూం కంట్రోలు మధ్యకాలుకి స్క్రూడ్రైవరు మొన ఆనించి ఇనుము మీద వేలు పెడితే స్పీకరు బుర్రుమంది. అంటే అక్కణ్ణుంచి స్పీకరు దాకా దారి శుభ్రం. పికప్పు వైరు టంకం విప్పి విడిగా మీటరు పెడితే ఎడంపక్క 1 ఒక్కటే, అంటే అనంతం. పికప్పుని బయటికి తీసి, అడుగున సన్నతీగ వచ్చి కలిసే రెండు కళ్ళ మధ్య చూసినా అదే 1. వైరు కూడా నిర్దోషి. ఇక మిగిలింది కాయిలే.

ఫోను కెమెరా జూమ్ చేసి చూస్తే ఒక కన్ను దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంది. తీగ కొస దాన్ని తాకీ తాకనట్టుగా ఉంది.

ఇక్కడి నుంచి నా చేతిలో పనికాదు. ఈ తీగ అమెరికా లెక్కలో 42 గేజి, మిల్లీమీటరులో వందింట ఆరు వంతులు. వెంట్రుకంత అనుకోండి. అలాంటిది ఎనిమిది, తొమ్మిది వేల చుట్లు ఉంటుంది. చెయ్యి వణికితే ఉన్నదీ పోతుంది. అందుకని మా మెయిన్ రోడ్డులో మోటార్లకి తీగ చుట్టే మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన జన్మలో గిటారు విప్పలేదు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదేటి బాబూ, చిన్న ఫీల్డు కాయిలే కదా" అన్నాడు. తీగ చూసి "46 గేజి" అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. మన వైండింగు కొట్లలో వాడేది బ్రిటిష్ గేజి, అందులో 42కి సమానమైనది దాదాపు 46 నంబరే!

"ఏ కొస తెగింది? లోపలి కొసా, పై కొసా?" అనడిగాడు. అదీ ప్రశ్నంటే. చుట్టడం మొదలుపెట్టిన కొస లోపల, వేల చుట్ల కింద ఉంటుంది. అది తెగితే మొత్తం విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. ముగించిన కొస పైన ఉంటుంది. మాది పై కొస. ఆయన భూతద్దం పెట్టుకుని, పై చుట్టు ఒక అర చుట్టు విప్పి, కొసని ఎమరీ కాయితంతో ఒక్కసారి నిమిరి ఎనామిల్ పోగొట్టాడు. చిలుం గీకి, సన్న మొనతో టంకం వేశాడు. పైన ఒక చుక్క వార్నిష్. మీటరు పెడితే 7.4 కిలో ఓమ్స్. "తీగ సావనేదు బాబూ, కొస తెగింది, అంతే." ఆయన తీసుకున్న డబ్బులు ఆ పక్క హోటల్లో మా ముగ్గురి టిఫినుకి కూడా సరిపోవు. ఎక్కువిస్తానంటే "కొత్త తీగ ఏసినానేటి?" అన్నాడు. ఆ వారం ప్రోగ్రాముకి మావాడు వెళ్ళాడు. గుయ్‌మనే మోత లేదు.

నగరం షాపు వాళ్ళది మోసమని నేననను. పికప్పు మార్చడం పావుగంట పని, దానికి గ్యారంటీ ఇవ్వొచ్చు. తెగిన కొస వెతకడం రెండు గంటల పని, గ్యారంటీ లేదు. గంటకి ఇంత అని లెక్కేసుకునే ఎవరైనా మార్చెయ్యమనే అంటారు. నాకు గుచ్చుకున్నది అది కాదు. మన ఆఫీసుల్లో మనం చేసేది కూడా సరిగ్గా అదే. సర్వీసు ఆగితే రీస్టార్ట్, మళ్ళీ ఆగితే కొత్త మెషీను, అప్పటికీ ఆగితే "ఆర్కిటెక్చరే తిరగరాద్దాం". ఏది తెగిందో ఎవరికీ తెలీదు, టికెట్టు మాత్రం మూసేస్తాం. ఆ ఖర్చు మనది కాదు కాబట్టి చెల్లుతుంది. నాలుగు ప్రోగ్రాముల డబ్బు పెట్టాల్సినవాడికి చెల్లదు. విడిభాగం మార్చడం తేలికైన కొద్దీ జబ్బు కనిపెట్టే విద్య ఖరీదు పడిపోతోంది. ఆ నష్టం ముందు తగిలేది డబ్బులేని వాడికే.

ఇప్పుడు కృత్రిమ మేధని అడిగితే ఇవే కారణాలు అర నిమిషంలో పట్టీ వేసి ఇస్తుంది, నిజమే. కానీ పట్టీ వేరు, వరస వేరు. ఏ ప్రశ్న ముందు అడిగితే సగం కారణాలు ఒక్కదెబ్బకి రాలిపోతాయో తెలియడమే పనితనం. మా మేస్త్రి అడిగిన "ఏ కొస?" అలాంటి ప్రశ్న. ఆయన కొట్లో నేర్చుకునే కుర్రాడు లేడు. కొడుకు విశాఖలో డెలివరీ పనికి వెళ్ళాడట. దాన్ని ఎలా ఆపాలో నాకు తోచలేదు గానీ, ఆయనకి పని తగ్గకుండా చూడటం మాత్రం మన చేతుల్లో ఉంది.

ఆన్‌సైటు వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఇళ్ళలో గోడకి ఒక గిటారు వేలాడుతుంటుంది కదా, మూగబోయిందని పక్కన పెట్టేసినవీ ఉంటాయి. పారేసేముందు వరసగా ఇవి చూడండి. బ్యాటరీ వేసే రకమైతే ముందు ఆ 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. కేబులు గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా అది అయిపోతుంది. కేబులు మార్చి చూడండి. రెండో పికప్పు పలుకుతోందేమో వినండి. మొనలు తట్టండి. మీటరు పెట్టండి. ఇవన్నీ అయ్యాక కాయిలు దగ్గర ఆగితే, కొత్తది ఆర్డరు పెట్టేముందు మీ వీధిలో ఫ్యాన్లకి తీగ చుట్టే కొట్టు ఎక్కడుందో ఒకసారి కనుక్కోండి.